మితమైన బిగింపు



కాయకమనగా ఒడలు అలయునట్లు శ్రమించుట మాత్రమే యని పలువురు తలంతురు. శ్రమకు సత్యమును, మితమును తోడైనప్పుడే అది కాయకమగును. దీనిని తెలిసికొనుటకు ఒక దృష్టాంతమును గ్రహింతము.

తాడేపల్లిగూడెములో ఒక మెకానిక్కు షెడ్డు. అందొక పాత జావా మోటారు సైకిలు. కన్నడసీమయందలి మైసూరులో 1960లో నెలకొన్న ఐడియల్ జావా కర్మాగారమున పుట్టిన బండి అది. ఆ కర్మాగారము 1996లో మూతపడుటచే విడిభాగములు దొరకుట కష్టము. చేపల వ్యాపారము చేయు ఒక వృద్ధుడు మరునాడు తెల్లవారకముందే ఆ బండిపై కొల్లేటి ప్రాంతమునకు పోవలెను.

పని నేర్చుకొనుచున్న కుర్రవాడు సిలిండరుపై హెడ్డునుంచి, మొదటి నట్టును బలముకొలది బిగించెను. పిదప దాని ప్రక్కదానిని, ఆ పిదప తక్కిన రెంటిని బిగించెను. ఇంజను తిరిగెను గాని హెడ్డు సందునుండి బుస్సుమని గాలి తన్నెను. బండి లాగుడు తగ్గెను. “ఇంకను బిగించిన సరిపోవు”నని మరల పానా పట్టగా స్టడ్డు మర చెడిపోయెను. సందునకు పేస్టు పూసి ఈ పూటకు పంపివేయుదమని అతడనెను. మేస్త్రి యొప్పుకొనలేదు. “నాయనా, ఆ పెద్దాయన చీకటిలో చెరువుగట్ల వెంట పోవువాడు. మన తప్పును ఆయన నెత్తిన పెట్టుదుమా?” అనెను.

వృద్ధునికి జరిగినది జరిగినట్లు చెప్పి, మేస్త్రి ఆ రాత్రియే హెడ్డు విప్పెను. అద్దపు పలకపై గరుకు కాగితము పరచి, దానిపై హెడ్డును రుద్ది చదును చేసెను. స్టడ్డును, ప్యాకింగును మార్చెను. ఇంజను చల్లగా నుండగా నాలుగు నట్లను మొదట చేతితోనే ఆనించెను. పిమ్మట ఒక మూలది, దాని కెదురుమూలది, ఈ వరుసన మూడు విడతలుగా, కొలత చూపు పానాతో బిగించెను. బండిని నడిపి, చల్లారిన పిదప మరల సరిచూచెను. హెడ్డు అల్యూమినియము, సిలిండరు పోత ఇనుము. వేడికి అల్యూమినియము ఇనుముకంటె సుమారు రెండింతలు వ్యాకోచించును. ఒక మూల బిగువు, ఒక మూల వదులు ఉన్నచో హెడ్డు వంకరపోవును. మేస్త్రి అదనపు కూలి పుచ్చుకొనలేదు.

పన్నెండవ శతాబ్దమున కల్యాణపురిలో ఆయ్దక్కి మారయ్య రాలిన బియ్యమును ఏరి తెచ్చి దాసోహము చేయుచుండెను. ఒకనాడు అవసరమునకు మించి తేగా, ఆయన ధర్మపత్ని లక్కమ్మ ఆ యెక్కువ బియ్యమును తిరిగి యిచ్చి రమ్మని పంపెనని శరణచరిత్ర. తక్కువైనచో లోటు, మించినచో దోషము. లక్కమ్మ యెరిగిన యీ కొలతయే ఆ మేస్త్రి చేతిలోని కొలత.

మన యిండ్లను, మఠములను ఈ దృష్టితో చూచుకొందము. ఒక బిడ్డకు చదువంతయు పెట్టి, మరియొక బిడ్డను వదలివేసిన యిల్లు నిలుచునా? ధనికుని ముందుగా పిలిచి, పేద భక్తుని వాకిట నిలిపిన మఠము సంఘమును కలిపి యుంచగలదా? అట్టి సందునుండియే సంఘబలము జారిపోవును. అప్పుడు మరింత కఠినముగా కట్టడులు బిగించిన ప్రయోజనము లేదు, మర చెడును. విప్పి, చదును చేసి, మరల మొదటినుండి అందరిని సమముగా కూర్చవలెను. మడివాళ మాచయ్యను, అంబిగర చౌడయ్యను తన సరసన కూర్చుండబెట్టిన అనుభవమంటపము చూపిన దారి ఇదియే.

దీక్షనాడు గురువు చేసినది మొదటి బిగింపు. సంసారపు వేడికి అది సడలును. కావుననే నిత్యము ఇష్టలింగమును కరస్థలమునందుంచి మనస్సును సరిచూచుకొనవలెను.