విప్పి పెట్టిన బండి

పదకొండేళ్లుగా మా గ్యారేజీలో సగం చోటు ఒక డాడ్జ్ ఛాలెంజర్‌దే. 1970 మోడల్, ఆర్/టీ, 383 ఇంజను. మిషిగన్ చలికాలంలో రోజూ ఆఫీసుకెళ్లే కారు బయట మంచులో తడిసేది, కదలని ఈ బండి లోపల పొడిగా ఉండేది. పోయిన నెల దాన్ని ఉన్నది ఉన్నట్టుగా అమ్మేశాను. ఇక్కడ ఇలాంటిదాన్ని ప్రాజెక్ట్ కారు అంటారు. కొన్నవాడు ట్రైలర్ మీద ఎక్కించుకుపోయి, ఏళ్ల తరబడి దాంతో కుస్తీ పడాల్సిందే.

మా ఊళ్లో శ్లాబు వేశాక స్తంభాల చువ్వలు పైకి అలాగే వదిలేస్తారు, రేపు పై అంతస్తు లేపాలని. కొన్ని ఇళ్ల మీద ఆ చువ్వలు తుప్పు పట్టిపోయి, మనవలు పుట్టినా అలాగే నిలబడి ఉంటాయి. ఆ ఇల్లు కొన్నవాడు చువ్వల్నీ కొంటాడు, వాటి వెనకున్న ఆశనూ కొంటాడు. అలాంటి ఆశకు ధర కట్టడమెలాగో నాకు తెలియలేదు.

తుప్పు గీకి ప్రైమర్ కొట్టించమని, నాలుగు డబ్బులు ఎక్కువొస్తాయని ఒక మిత్రుడు చెప్పాడు. మనసొప్పలేదు. తుప్పు కనబడుతున్నంతకాలం బండి తన సంగతి తానే చెప్పుకుంటుంది. ఇక్కడ చలికాలమంతా రోడ్ల మీద చల్లే ఉప్పు కింది నుంచి తింటుంది. పైకప్పుకు తొడిగిన వినైల్ తడిని పట్టుకుని పైనుంచి తింటుంది. చూడ్డానికొచ్చిన కుర్రాడి చేతికి నేనే అయస్కాంతం ఇచ్చాను. కుడివైపు వెనక చక్రం పైనున్న రేకు మీద జరుపుతుంటే బెత్తెడు మేర అంటుకోకుండా జారిపోయింది. అక్కడ ఎప్పుడో ఎవరో మెత్తిన లప్పం ఉంది. కుర్రాడు నా మొహంలోకి చూశాడు. డిక్కీలో పరిచిన మ్యాట్ కూడా ఎత్తి చూపించాను. నేల కనబడేంత బొక్క. బేరం అక్కడ తగ్గింది. తగ్గితే తగ్గింది.

ఇంజను దిమ్మ మీది నంబరు డాష్‌బోర్డు మీది నంబరుతో కలుస్తుంది. ఫెండర్ లోపలి చిన్న రేకు మీద ఎఫ్‌సీ7 అని ఉంటుంది. అది ప్లమ్ క్రేజీ, అచ్చం నేరేడుపండు రంగు. బయట వెలిసిపోయినా తలుపు సందులో ఇంకా నిగనిగలాడుతోంది. ఆ రోజే వెనక సీటు ఎత్తితే స్ప్రింగుల్లో ఇరుక్కున్న కాగితం దొరికింది. ఈ బండికి ఏమేం బిగించాలో ఫ్యాక్టరీలో కోడ్లతో అచ్చేసిన పట్టిక. బండి పుట్టిన హామ్‌ట్రామిక్ ఫ్యాక్టరీని 1980లో మూసేశారు, తర్వాత కూల్చేశారు, ఆ జాగాలో జనరల్ మోటార్స్ వాళ్ల ఫ్యాక్టరీ లేచింది. అంత పెద్ద కట్టడం పోయింది, సీటు కింద కాగితం మిగిలింది. మొదటి ఏడాది ఉత్సాహంలో నేను సీట్లు మార్పించి ఉంటే, పాత స్ప్రింగులతో పాటు అదీ చెత్తలోకి పోయేదే.

కాగితం మిగిలిందని నా బద్ధకానికి సాకు చెప్పుకోను. 335 హార్స్‌పవర్ ఇంజను పదకొండేళ్లు మూగగా పడి ఉండటం అన్యాయం, ఆ అన్యాయం నాదే. కానీ బాగుచేయడం ఎప్పుడైనా కుదురుతుంది. ఒకసారి బాగుచేశాక ఈ రూపు మళ్లీ రాదు. ఏది ఉంచాలో, ఏది మార్చాలో తేల్చుకునే హక్కును చెడగొట్టకుండా ఆ కుర్రాడికి అప్పజెప్పగలిగాను. అతనిచ్చిన డబ్బు దానికేనని నాకనిపిస్తుంది.

చివరికి పెట్టెలు మిగిలాయి. విప్పిన ప్రతి ముక్కనూ ప్లాస్టిక్ సంచిలో వేసి, మార్కర్‌తో తెలుగులో పేరు రాసి పెట్టుకున్నాను. ‘ఎడమ తలుపు గడియ, 4 బోల్టులు.’ ‘హీటరు మూత.’ ‘ఎక్కడిదో చూడాలి.’ కుర్రాడు ఒక సంచి ఎత్తి ఇదేం లిపి అని అడిగాడు. అతను ట్రైలర్ మీద బండికి పట్టీలు బిగిస్తున్నంతసేపూ నేను గ్యారేజీలో కింద కూర్చుని ఒక్కో సంచి మీద తెలుగు కింద ఇంగ్లీషు రాస్తూ పోయాను. ‘ఎక్కడిదో చూడాలి’ దగ్గర చెయ్యి ఆగింది. అతన్ని పిలిచి సంచి చేతికిచ్చాను. అందులోని బోల్టు బయటికి తీసి, వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూసి, చొక్కా జేబులో వేసుకున్నాడు.