కర్మఫలమును, భోజనానంతర పరీక్షయును

దేవనకొండ ప్రాంతమున షుగరు వచ్చినవానిని గూర్చి ఇరుగుపొరుగువారు జాలితో పలుకు మాట "ఏ జన్మలో చేసుకున్న కర్మమో" యన్నది. దయతో పలికినదే యైనను ఆ మాట రోగిని రెండు విధముల క్రుంగదీయును: వ్యాధిని శిక్షగా నమ్మించును, శిక్ష యనుభవింపవలసినదే కాని పరీక్షింపదగినది కాదని తలపించును. కర్మసిద్ధాంతము బోధించునది నిజముగా నిదియేనా?

దీనికి బదులు భోజనానంతర పరీక్షయే చెప్పును. మొదటి ముద్ద నోట పెట్టినది మొదలు రెండు గంటలు కడచిన పిమ్మట, సబ్బుతో చేతులు కడిగి తడి లేకుండ తుడుచుకొని, వ్రేలికొనను నడుమ గాక నొప్పి తక్కువగా నుండు ప్రక్కభాగమున సూదితో గ్రుచ్చి, ఉబికిన నెత్తుటి బొట్టును స్ట్రిప్పునకు తాకించినచో, గ్లూకోమీటరు క్షణములలో నెత్తుటి చక్కెరను తెలుపు నొక సంఖ్యను చూపును. వ్యాధి లేనివారికది సాధారణముగా 140కి లోపల నుండును. వ్యాధిగ్రస్తులలో పెక్కుమందికి 180 దాటనీయవలదని వైద్యులు చెప్పుదురు. చేయి కడుగనిచో వ్రేలికంటిన బెల్లపు జిడ్డు సయితము లెక్కలో చేరి మోసగించును.

ఈ సంఖ్య ఫలమే. కాని దండనము కాదు. తిన్న పిండిపదార్థము గ్లూకోజుగా మారును. దానిని కణములలోనికి చేర్చు ఇన్సులిన్ చాలకున్నను, ఉన్నదానికి దేహము లొంగకున్నను, అది నెత్తుటనే నిలిచిపోవును. 1921లో టొరంటోలో బాంటింగును బెస్టును కనుగొన్న ఆ ఇన్సులిన్‌నే మందుగా 1922 జనవరిలో పొంది మృత్యుముఖమునుండి మరలిన 14 ఏండ్ల బాలుడు పూర్వపాపమును కడుగుకొని బ్రదుకలేదు. దేహమున కొరవడినది లభించుటచేతనే బ్రదికెను. ప్రాచీన వైద్యుడైన సుశ్రుతుడును, మధుమేహము చేరిన ప్రమేహమను వ్యాధిని సహజమనియు, అపథ్యముచే కలుగునదనియు రెండుగా విభజించెను. పుట్టుకతో వచ్చినదానికి నింద చెల్లదు; ఆహారముచే పెరిగినదానికి నింద కన్న దిద్దుబాటు మేలు.

దిద్దుబాటునకు దారి చూపునది పరీక్షయే. జొన్నరొట్టె మంచిదని విని ఎన్నియైనను తినవచ్చుననుకొన్నవానికి, జొన్నలోనూ పిండిపదార్థము కలదని ఆ సంఖ్యయే తెలుపును. రొట్టె తగ్గించి, పప్పును ఆకుకూరను పెంచి, తిన్న పిదప కొంతసేపు నడచినచో మార్పును కూడ నదియే చూపును. మంత్రాలయమునుండి వచ్చిన తియ్యని పరిమళ ప్రసాదమును కాదనుట అపచారమని భయపడువారు, చిటికెడు గ్రహించినను ప్రసాదము సంపూర్ణమేయని యెరుగవలయును. పవిత్రతకు తూకము లేదు, చక్కెరకు కలదు.

గడచిన భోజనమును మార్చ శక్యము గాదు, రాబోవు భోజనము మన చేతిలోనిది: కర్మమనుటకు నాకు తెలిసిన సారమింతియే. అయితే ఆ స్వాతంత్ర్యము స్ట్రిప్పు కొనగలవానికే దక్కుట న్యాయము గాదు. ఒక్కసారి వాడి పారవేయవలసిన దానిని వానచుక్కకై ఎదురుచూచు రైతు, దినకూలితో బ్రదుకు శ్రామికుడు మాటిమాటికి ఎట్లు కొనగలరు? అన్నదానమును మహాపుణ్యముగా నెంచు ఈ సీమలో, పెట్టిన అన్నము తిన్నవానికి హితమైనదో కాదో చూచుకొను సాధనమును సమకూర్చుటయు ఆ దానమున భాగము కావలయును. అన్నదాత కర్తవ్యము విస్తరి యెత్తుటతో ముగియదు.