ఆజ్ఞ - సందేహం - బాధ్యత: హిరో ఒనోడా ఉదంతం

జపాన్ సైనిక గూఢచార అధికారి హిరో ఒనోడా 1944 డిసెంబరులో ఫిలిప్పీన్స్‌లోని లుబాంగ్ ద్వీపానికి చేరాడు. మరుసటి ఏడు యుద్ధం ముగిసింది. ఆ సంగతి తెలిపే కరపత్రాలు అందినా, అవి శత్రువు పన్నాగమనే అతడు భావించాడు. 1974 మార్చిలో పూర్వపు పై అధికారి స్వయంగా వచ్చి ఆజ్ఞను ఉపసంహరించేవరకు ఆయుధం విడువలేదు.

దీనిని కర్తవ్యనిష్ఠగా కీర్తించినవారున్నారు. అయితే సందేహించడం గూఢచారి వృత్తిధర్మం. ఒనోడా కరపత్రాలను, చివరకు సొంత అన్న పిలుపును సైతం శంకించాడు. ఆజ్ఞను మాత్రం శంకించలేదు. ఒకవైపే సాగే సందేహం వివేకం కాదు, విశ్వాసానికి కాపలా మాత్రమే.

ఆ ఏళ్లలో అతని బృందం చేతిలో సుమారు 30 మంది ద్వీపవాసులు మరణించారు. అధ్యక్షుడు మార్కోస్ అతనికి క్షమాభిక్ష ప్రసాదించాడు. రాజ్యం శిక్షను తొలగించగలదు. మృతుల పక్షాన క్షమించలేదు. ఆజ్ఞను రద్దు చేయవచ్చు గాని, దాని ఫలితాన్ని రద్దు చేయడం ఎవరి తరమూ కాదు. కనుక ఆజ్ఞను సైతం విచారణకు నిలిపినప్పుడే నిష్ఠ ధర్మమవుతుంది.