అల్లుడూ, రాత్రి నిద్ర పోగొట్టుకోకు

అల్లుడూ, నీకు సెల్లు పిచ్చి పట్టిందని మీ అమ్మ ఒకటే దిగులుపడుతోంది. నిన్ను కోప్పడాలని రాయడం లేదు. నరసరావుపేటలో గదిలో ఉండి చదువుకునే కుర్రాడు కాసేపు క్రికెట్టు, నాలుగు పాటలు చూస్తే తప్పులేదు. మిరపలో నల్లతామర పురుగుకి ఏం మందు కొట్టాలో మీ నాన్న కూడా యూట్యూబులోనే చూస్తున్నాడుగా.

ఇక మీ అమ్మ అనే పిచ్చి సంగతికొస్తే, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 జనవరి నుంచి అమల్లోకి తెచ్చిన జబ్బుల జాబితాలో వీడియో గేముల వ్యసనం ఉంది. రీల్స్ చూడటం అందులో విడిగా జబ్బుగా లేదు. గేముల సంగతిలోనూ ఎన్ని గంటలు ఆడావని కాదు వాళ్లు చూసేది. ఆపాలనుకున్నా చేతకాకపోవడం, చదువూ తిండీ అన్నీ దాని తర్వాతే అయిపోవడం, నష్టం కనిపిస్తున్నా వదల్లేకపోవడం, ఇవి మామూలుగా ఏడాదిపాటు సాగితేనే వ్యసనమంటారు. ఈ మూడూ రీల్స్ విషయంలో నిన్ను నువ్వే అడిగి చూసుకో. జవాబు నాకు చెప్పక్కర్లేదు.

వేలు ఆగడం లేదని నిన్ను నువ్వు తిట్టుకోకు. తర్వాత వచ్చే వీడియో బాగుంటుందో లేదో తెలియదు, ఎప్పుడో ఒకటి బాగుంటుంది, ఆ ఆశే కూర్చోబెడుతుంది. మన పల్నాటి వీరగాథలో కోడిపందెంలో ఓడి బ్రహ్మనాయుడి పక్షం మాచర్ల వదిలి వలస పోయిన కథ చిన్నప్పటి నుంచీ వింటున్నావు. బరి దగ్గర మనిషిని లేవనివ్వని ఆశా ఇదే.

నా భయమల్లా నీ నిద్ర గురించే. నిద్ర చాలకపోతే చదివింది బుర్రకెక్కదు, చిన్నమాటకే కోపం వస్తుంది. రాత్రి సెల్లు తలగడ కింద పెట్టుకోకు, గది అవతలి మూల చార్జింగు పెట్టు. పొద్దున లేవడానికి అలారం గడియారం నేను పంపిస్తాను. ఆదివారం స్నేహితులతో కోటప్పకొండ మెట్లెక్కి రా.

ఒకవేళ ఒంటరిగా అనిపించో, పరీక్షల బెంగతోనో సెల్లు పట్టుకుంటున్నావా? అప్పుడు సెల్లు లాక్కుంటే బెంగ పోదు. నాకు ఏ రాత్రైనా ఫోన్ చెయ్యి. నాతో చెప్పలేనిదైతే 14416కి చెయ్యి. టెలీ మానస్ అని మనసు బాధలు వినడానికి ప్రభుత్వం పెట్టిన ఫోన్ సేవ, డబ్బులు తీసుకోరు, తెలుగులోనే మాట్లాడతారు. బెంగళూరు నిమ్హాన్స్‌లో 2014 నుంచీ సెల్లు వదల్లేని ఇలాంటి బాధకే ప్రత్యేకంగా క్లినిక్ నడుపుతున్నారంటే, ఇది నీ ఒక్కడికే వచ్చింది కాదు.

సెలవులివ్వగానే ఊరికి రా. కోతకి కూలీలు దొరక్క మీ నాన్న ఒక్కడే అవస్థ పడుతున్నాడు. సెల్లు ఊసెత్తొద్దని మీ అమ్మకి నేను గట్టిగా చెబుతాను.