తల్లికి ఇవ్వదగినది ఏది?

పిల్లలు ఉద్యోగాల కోసం దూరప్రాంతాలకు వెళ్లిపోయిన తెలుగు ఇళ్లలో ఒక దృశ్యం తరచుగా కనిపిస్తుంది. అటకమీద అట్టపెట్టె విప్పని మిక్సీ ఉంటుంది. బీరువాలో కలరా ఉండల నడుమ మడత విప్పని పట్టుచీరలు ఉంటాయి. గూట్లో పేర్లు కొట్టించిన స్టీలు గిన్నెలు, గాజు బొమ్మలు, సెంటు సీసాలు వరుసగా నిలిచి ఉంటాయి. పండుగకు ఒకటి, పుట్టినరోజుకు ఒకటిగా వచ్చి చేరినవే అవన్నీ. ప్రతి వస్తువు వెనుకా ప్రేమ ఉన్నదనడంలో సందేహం లేదు. అయితే వాటి దుమ్ము దులిపేది ఆ తల్లే. వానాకాలంలో చెమ్మ తగలకుండా కాపాడేది ఆమే. ఇచ్చిన బిడ్డ మనసు నొచ్చుకుంటుందేమోనన్న శంకతో వాటిని ఆమె పారవేయనూ లేదు, మరొకరికి ఇవ్వనూ లేదు.

ఇక్కడ ఒక నైతిక ప్రశ్న ఉదయిస్తుంది. పుచ్చుకున్నవారికి పని పెంచేదాన్ని కానుక అనవచ్చునా? తల్లి అవసరాన్ని గుర్తించి ఇచ్చినది వేరు, తాను దగ్గర లేని లోటును పూడ్చుకోవడానికి ఇచ్చినది వేరు. రెండవదానిలో కానుక పేరుతో జరిగేది ఒక విధమైన బాకీ చెల్లింపు. పంపినవారి మనసు తేలికపడుతుంది. అందుకున్నవారి ఇల్లు బరువెక్కుతుంది.

నిజానికి ఈ బాకీ తీరేది కాదని ప్రాచీనులు ఏనాడో గ్రహించారు. తైత్తిరీయోపనిషత్తులోని శీక్షావల్లి, విద్య ముగించుకొని ఇంటికి మరలుతున్న శిష్యునికి చేసిన ఉపదేశంలో తల్లిని దైవంగా భావించమని చెప్పింది. ఆ వరుసలో తండ్రికంటే, ఆచార్యునికంటే ముందు తల్లినే పేర్కొన్నది. బౌద్ధ వాఙ్మయంలోని అంగుత్తర నికాయం మరింత నిర్మొహమాటంగా మాట్లాడింది. తల్లిని ఒక భుజంమీద, తండ్రిని మరొక భుజంమీద నూరేళ్లు మోసినా ఆ ఋణం తీరదన్నది. వారిని శ్రద్ధలో, శీలంలో, త్యాగంలో, ప్రజ్ఞలో నిలిపినప్పుడే ప్రత్యుపకారం చేసినట్లని చెప్పింది. తీరని ఋణాన్ని వస్తువులతో తీర్చబోవడంలోనే పొరపాటు ఉన్నదన్నమాట. కానుక ఋణవిమోచనం కాదు. అది ఋణాన్ని గుర్తించానని చెప్పే ఒక సంజ్ఞ మాత్రమే.

మరి ఆ సంజ్ఞ ఏ రూపంలో ఉండాలి? దీనికి సమాధానం మహాభారతం ఆదిపర్వంలోని గరుడోపాఖ్యానంలో దొరుకుతుంది. పదకొండవ శతాబ్దిలో నన్నయ తెనిగించిన భాగంలోనిదే కనుక తెలుగువారికి ఆ కథ చిరపరిచితం. ఉచ్చైశ్శ్రవం తోక రంగును గురించిన పందెంలో మోసపోయి వినత తన సవతి కద్రువకు దాసి అవుతుంది. ఆమె కుమారుడు గరుత్మంతుడు కూడా పాములను వీపున మోయవలసివస్తుంది. అతడు మొదట చేసిన పని తల్లికి బహుమతి తేవడం కాదు. ఈ దాస్యం ఎందుకు వచ్చిందని తల్లిని అడగడం. తరువాత, ఏమి తెచ్చి ఇస్తే ఆమెను విడిచిపెడతారని నాగులను అడిగాడు. వారు అమృతం కోరారు. దేవతలను గెలిచి అమృతభాండాన్ని తెచ్చిన గరుత్మంతుడు అందులో ఒక్క చుక్కయినా రుచి చూడలేదు. దానిని దర్భలమీద ఉంచాడు, తల్లి విముక్తురాలయింది. నాగులు స్నానం చేసి వచ్చేలోగా ఇంద్రుడు ఆ భాండాన్ని తిరిగి తీసుకొనిపోయాడు.

ఈ కథలో గమనించవలసినది ముగింపు. అంత శ్రమపడి తెచ్చిన వస్తువు చివరకు వినత ఇంట మిగలలేదు. ఆమె దానిని చేతితో తాకినట్లు కూడా కథ చెప్పదు. ఆమెకు మిగిలింది స్వేచ్ఛ ఒక్కటే. తల్లికిచ్చే కానుకకు ఇంతకంటే స్పష్టమైన కొలమానం దొరకదు. ఆమె ఇంట్లో ఏమి చేరిందన్నది కాదు, ఆమె భుజంమీదినుండి ఏమి దిగిందన్నదే ప్రశ్న.

కేరళలోని కాలడిలో ప్రచారంలో ఉన్న శంకరాచార్యుల గాథ కూడా ఈ మాటనే బలపరుస్తుంది. తల్లి ఆర్యాంబ ప్రతిదినం దూరాన ఉన్న పూర్ణానదికి నడిచి వెళ్లి స్నానం చేసేది. వయసు మీదపడి ఒకనాడు దారిలో సొమ్మసిల్లింది. బాలశంకరుడు ప్రార్థించగా నది తన దారి మార్చుకొని ఇంటి చెంతకు వచ్చిందని ఐతిహ్యం. నేడు పెరియార్‌గా ప్రసిద్ధమైన ఆ నది ఒడ్డున ఈ కథను ఇప్పటికీ చెప్పుకుంటారు. నది కదిలిందా లేదా అన్న విచారణ ఇక్కడ అప్రస్తుతం. తల్లి రోజూ ఎంత దూరం నడుస్తున్నదో కుమారుడు గమనించాడన్నదే కథలోని జీవం.

భాగవతం తృతీయ స్కంధంలో కపిలుడు తల్లి దేవహూతికి ఇచ్చినది సంభాషణ. ఆమె అడిగింది, అతడు ఓపికగా సాంఖ్యతత్త్వాన్ని వివరించాడు. ఆ సంవాదం జరిగిన చోటుగా భావించే గుజరాత్‌లోని సిద్ధపురం బిందుసరోవరం వద్ద ఇప్పటికీ మాతృశ్రాద్ధం పెడతారు. తల్లికి ప్రశ్నలు ఉంటాయని, వాటికి సమాధానం వినే హక్కు ఆమెకు ఉన్నదని అంగీకరించడం కూడా ఒక కానుకే.

పురాణాలనుండి నేటి ఇంటికి వస్తే, దాస్యం అన్న మాట అతిశయోక్తిగా తోచవచ్చు. కానీ 2019లో కేంద్ర గణాంక యంత్రాంగం జరిపిన కాలవినియోగ సర్వే ప్రకారం, జీతంలేని ఇంటిపని చేసే స్త్రీలు దానిపై రోజుకు సగటున 299 నిమిషాలు వెచ్చించారు. ఆ పని చేసే పురుషులు వెచ్చించినది 97 నిమిషాలు. దాదాపు ఐదు గంటలపాటు పొయ్యి దగ్గర, నీళ్ల దగ్గర, గిన్నెల దగ్గర గడిపే స్త్రీకి మరొక గిన్నె కానుక ఎలా అవుతుంది? ప్రతి ఆదివారం వంట తానే చేస్తానని కుమారుడు మాట ఇచ్చి, దానిని నిలబెట్టుకుంటే అది కానుక. పెరట్లోని కుళాయిని వంటింట్లోకి వేయించడం కానుక. చూపు మందగించిన తల్లిని కంటి వైద్యుని వద్దకు స్వయంగా తీసుకొని వెళ్లడం, ఏళ్లతరబడి చూడని ఆమె పుట్టిన ఊరికి, చిన్ననాటి స్నేహితురాలి ఇంటికి తోడుగా వెళ్లడం, ఆమె నోట నిలిచిన పెళ్లిపాటలను, ఊరగాయల పాళ్లను కూర్చుని రాసుకోవడం కానుకలే. ఇవేవీ బీరువాలో చోటు అడగవు.

అక్షరం కూడా అటువంటిదే. 1990 దశకం ఆరంభంలో నెల్లూరు జిల్లాలో సాగిన అక్షరాస్యతా ఉద్యమంలో ఎందరో తల్లులు నడివయసులో పలక పట్టారు. ఆ చదువు వారిని సంతకంతో ఆపలేదు. 1992లో దూబగుంటనుండి వ్యాపించిన సారా వ్యతిరేకోద్యమానికి ఆ రాత్రి బడులు ఊపిరి పోశాయి. 1993లో రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. తల్లికి చదువు చెప్పిన కూతురు ఇచ్చినది ఎంత దూరం వెళ్లగలదో దీనినిబట్టి ఊహించవచ్చు.

వస్తువు మనిషికి ప్రత్యామ్నాయం కావడం ఒక్క భారతదేశపు సమస్య కాదు. అమెరికాలో 1905లో తల్లిని కోల్పోయిన అన్నా జార్విస్ 1908లో మాతృదినోత్సవానికి అంకురార్పణ చేసింది. 1914లో అధ్యక్షుడు విల్సన్ మే నెల రెండవ ఆదివారాన్ని మాతృదినంగా ప్రకటించాడు. కొద్దికాలానికే పూలవర్తకులు, కార్డులు అచ్చువేసేవారు ఆ రోజును తమ సొంతం చేసుకున్నారు. స్వహస్తాలతో ఉత్తరం రాయడానికి బదులు అచ్చుకార్డు పంపడాన్ని నిరసిస్తూ, తాను ఆరంభించిన ఉత్సవం మీదే పోరాడుతూ, 1948లో ఆమె కన్నుమూసింది. నేపాల్‌లో మాత్రం, అక్కడి పంచాంగం ప్రకారం వైశాఖ అమావాస్యనాడు జరిపే పండుగకు తల్లి ముఖం చూసే రోజు అన్న పేరు నేటికీ నిలిచి ఉంది. మిఠాయిలు పట్టుకొనే వెళతారు. అయినా ఆ పేరు చెప్పేది చూడటాన్ని గురించే. తల్లి లేనివారు కాఠ్మాండూ సమీపంలోని మాతాతీర్థానికి వెళ్లి ఆమెను స్మరిస్తారు.

అయితే దీనినంతటినీ వస్తువులపై ద్వేషంగా అర్థం చేసుకోరాదు. రెండే చీరలున్న తల్లికి మూడవ చీర అనవసరపు సామగ్రి కాదు, గౌరవం. ఏమీ లేనివారికి నిరాడంబరతను బోధించడం క్రూరత్వం. కుమార్తె మొదటి జీతంతో కొన్న నేతచీరను ఏ తల్లీ బరువనుకోదు. అలాగే, ఇల్లు శుభ్రం చేసే నెపంతో ఆమె దాచుకున్న పాత ట్రంకుపెట్టెను, చిరిగిన ఉత్తరాలను అడగకుండా బయట పారవేయడం కూడా అన్యాయమే. జైనులు, యోగశాస్త్రకారులు చెప్పిన అపరిగ్రహం ఎవరికివారు స్వీకరించవలసిన వ్రతం. ఒకరి వ్రతాన్ని మరొకరి ఇంటిమీద రుద్దితే అది హింస అవుతుంది.

కనుక ఏమి ఇవ్వాలన్న ప్రశ్నకు ముందు, ఏమి కావాలన్న ప్రశ్న రావాలి. దానికి తెలుగు తల్లులు సాధారణంగా ఇచ్చే జవాబు ఒకటే: "నాకేం వద్దురా, మీరు చల్లగా ఉంటే చాలు." ఈ మాటను మొహమాటంగా భావించి బజారుకు వెళ్లేవారు కొందరు, అక్షరాలా తీసుకొని ఊరుకునేవారు మరికొందరు. ఇద్దరూ సగమే విన్నారు. ఆమె వద్దన్నది వస్తువును. జీవితమంతా ఇతరుల అవసరాలనే లెక్కపెట్టిన మనిషికి తన అవసరం ఇదని చెప్పడం అలవాటు తప్పిపోయి ఉంటుంది. అది మళ్లీ నోటికి రావాలంటే ఒకటికి రెండుసార్లు అడగాలి, అడిగి అక్కడే కూర్చోవాలి. గరుత్మంతుడు స్వర్గానికి ఎగరడానికి ముందు చేసినది అదే: తల్లి దగ్గర నిలబడి, ఆమె కష్టమేమిటో ఆమె నోటితోనే విన్నాడు.