కోకిలయు, పొగడపూవును

నక్కపల్లి చెంతనున్న ఉపమాక క్షేత్రమునకు ఆ పేరు వచ్చుటను గూర్చి పెద్దలు చెప్పు మాట యొకటి కలదు. గరుడాద్రిపై వెలసిన వేంకటేశ్వరునకు ఉపమానము లేదు గనుక ఈ యూరు ఉపమాక యైనదట. వ్యాకరణము దీని నెంతవరకు అంగీకరించునో పండితులే చెప్పవలెను. పోలికలు చేయు అలవాటు మాత్రము ఆ కొండ మెట్లు ఎక్కునపుడును నన్ను విడువలేదు.

మా యింట కోడండ్రు ఇద్దరు. పెద్దామె కీర్తన పాడినచో వీధి నిలిచి వినును. చిన్నామె మాటకారి కాదు. వేకువనే పూలు ఏరి మాల కట్టును. "మా పెద్దకోడలు కోకిల" అని వచ్చినవారి యెదుట పలుమార్లు అంటిని. చిన్నామెను గూర్చి ఏమియు అనలేదు. ఆ అనకపోవుటయే ఆమె చెవిని పడినది.

ఫాల్గుణమున స్వామి కల్యాణమునకు వెళ్లినపుడు కొండ దారిలో కోకిల కూసినది. నా పోలిక న్యాయమేనా యని అప్పుడు విచారించితిని. కోకిల గూడు కట్టదు. కాకి గూటిలో గ్రుడ్డు పెట్టును. పిల్లను మేపి పెంచునది కాకియే. మనము మెచ్చు ఆ కుహూరవము మగపక్షిది, తన జతను పిలుచుటకు. ఆడుపక్షి గోధుమవన్నెపై చుక్కలు గలది. దాని అరపు వేరు. ఇక పొగడ, సంస్కృతమున వకుళము. చిన్న పూవు, చుక్కవంటి ఆకారమే గాని మెరయు వన్నె లేదు. వేకువకు చెట్టు క్రింద రాలియుండును. ఎండినను పరిమళము పోదు. నేలరాలిన పూవు పూజకు పనికిరాదను నియమమునుండి దీనిని మినహాయించు పెద్దలు కలరు.

ఇట్లు లెక్కింపగా పొగడ గెలిచినట్లు తోచి, చిన్నామె బాకీ తీరినదని తృప్తిపడితిని. బాకీ తీరలేదు, త్రాసు అటునుండి ఇటు మొగ్గినది, అంతే. కాకి గూటిలో పుట్టుట కోకిలపిల్ల కోరుకొన్నది కాదు గదా!

గోదాదేవి నాచ్చియార్ తిరుమొళిలో, స్వామిని రమ్మని కూయుమని కోకిలను ఒక దశకమంతయు బ్రతిమాలినది. ఆ తల్లియే స్వామి మాలను ముందు తాను ధరించి ఆముక్తమాల్యద యైనది. నమ్మాళ్వారు వకుళమాల దాల్చి వకుళాభరణులైరి. చింతచెట్టు క్రింద పదునారేండ్లు మౌనముగా నుండిరని గురుపరంపర చెప్పును. ఆ మౌని నోటనే వేయికి మించిన తిరువాయ్మొళి పాశురములు వెలువడినవి. వీరిలో పాట యెవరిది, పూవు ఎవరిది?

ఇల్లు చేరిన మరునాటి వేకువ చిన్నామెతో "అమ్మా, నీవు పొగడపూవు వంటిదానవు" అనబోయి ఆగితిని. అదియు పోలికయే. ఆమెకు నార చాలకున్నది. అరటినార తడిపి చేతికిచ్చితిని. లోపల పెద్దామె సుప్రభాతము అందుకొన్నది.