జట్టు ఎవరిది? సంఘం ఎవరిది?

ధ్యాన వాక్యభాగం: యాకోబు 2:1–7



డార్విన్‌లో వానాకాలమంటే ఫుట్‌బాల్ కాలమే. ఇక్కడి బంతి కోలగా ఉన్నా, ఆ కేకలు వింటే నాకు హైదరాబాద్ గుర్తొస్తుంది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆస్ట్రేలియాను 4–2తో ఓడించిన భారత జట్టుకు కోచ్ హైదరాబాద్‌వాసి సయ్యద్ అబ్దుల్ రహీం, ఒకప్పటి బడిపంతులు. ఆ ఊరి పేరు పెట్టుకున్న హైదరాబాద్ ఎఫ్‌సీ 2022లో ఐఎస్‌ఎల్ కప్పు గెలిచింది. తర్వాత ఆటగాళ్లకు జీతాలు సరిగా అందలేదు, యజమానులు మారారు. 2025లో జట్టే ఢిల్లీకి తరలిపోయి పేరు మార్చుకుంది. ప్రేమ అభిమానులది, పత్రాలు మరొకరివి.

డబ్బు పెట్టడం పాపం కాదు. అది లేనిదే ఆట సాగదు. పెట్టినవాడు ‘అంతా నాదే’ అన్నప్పుడే చిక్కు.

మరి మన సహవాసంలో? హాలు అద్దెకు ఎక్కువ ఇచ్చే కుటుంబం మాటే నెగ్గుతోందా? మొన్న వచ్చిన విద్యార్థి, రాత్రి డ్యూటీ చేసి వచ్చిన సహోదరి వెనుక వరుసలోనే మిగిలిపోతున్నారా? బంగారు ఉంగరం ఉన్నవానికి మంచి చోటు, పేదవానికి పాదాల దగ్గర నేల చూపవద్దని యాకోబు మనల్ని హెచ్చరిస్తున్నాడు.

సంఘానికి యజమాని ఒక్కడే. ఆయన దాన్ని స్వరక్తమిచ్చి కొన్నాడు. నష్టమొచ్చిందని అమ్ముకొని పోయేవాడు కాడు, గొఱ్ఱెల కోసం ప్రాణం పెట్టిన కాపరి.

ఈ ఆదివారం కానుకతోపాటు మన పెత్తనాన్నీ ఆయన పాదాల దగ్గర వదిలేద్దాం. ఆరాధన తర్వాత వెనుక వరుసవారి మాట అడిగి విందాం. ప్రభువు మనకు అట్టి కృప దయచేయును గాక. ఆమేన్.